సక్కుబాయి, తప్పుల బోర్డు

సక్కుబాయి అక్షరాలు నేర్చుకున్నది బళ్లో కాదు, కంప్యూటర్ల కంపెనీలో. అదీ పక్కవాళ్లు చేసిన తప్పులు చదివి నేర్చుకుంది. వింటే నవ్వొస్తుంది గానీ ఇది పచ్చి నిజం.

పట్నం శివారులోని కొత్తగూడ ఆమె అత్తగారి ఊరు. అప్పట్లో అది నిజంగా ఊరే. రాళ్ల గుట్టలు, జామతోటలు, నాలుగు జొన్నచేలు, హఫీజ్‌పేట్ స్టేషన్ వైపు పోయే మట్టిదారి. ఆ దారి పక్కన ఒక రేకుల షెడ్డులో 1990లో మునేరు కంప్యూటర్స్ అనే కంపెనీ మొదలైంది. పెట్టినాయన భీమేశ్వరరావు. నందిగామ వైపు మనిషి, వాళ్ల ఏటి పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. బయటి నుంచి భాగాలు తెప్పించి, ఇక్కడ బిగించి, రెండు రోజులు ఆపకుండా నడిపి చూసి, అప్పుడు కంప్యూటర్‌గా అమ్మడం వాళ్ల పని. సక్కుబాయి అందులో ఊడ్చే పనికి చేరింది.

ఊడ్చేవాళ్లెవరైనా చెత్త ఎత్తి బయట పోస్తారు. ఈమె అలా చెయ్యలేదు. బిగించేవాళ్లు కింద పడేసిన స్క్రూలన్నీ ఏరి, పొడుగూ పొట్టీ చూసి, మందుసీసా మూతల్లో వేరువేరుగా పోసి బల్ల మీద పెట్టి పోయేది. వారం తర్వాత భీమేశ్వరరావు కంట్లో పడ్డాయి ఆ మూతలు.

"ఎవరండీ ఇవి ఇలా వేరు చేసింది?" అన్నాడు.

తిడతాడనుకుని ఆమె చీపురు వెనక్కి పెట్టుకుని నిలబడింది. "నేనే సారు. పారబోయబుద్ధి గాలే" అంది.

"ఆ చీపురు ఇంకెవరికైనా ఇచ్చెయ్ సక్కుబాయమ్మా. రేపట్నుంచి స్క్రూడ్రైవర్ పట్టుకో" అన్నాడాయన.

ఇల్లు చేరే దాకా ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. భర్త లింగయ్య రాళ్లు కొట్టే పని చేసేవాడు. ఆయన నమ్మలేదు. "నీకేం తెలుసే కంప్యూటర్?" అని వేళాకోళం చేశాడు. "నాకు తెల్వదు గానీ స్క్రూకు తెలుసు" అంది సక్కుబాయి.

ఇక ఆ బోర్డు సంగతి చెప్పాలి. షెడ్డు గోడకు భీమేశ్వరరావు ఒక నల్లబోర్డు కొట్టించాడు. సాయంత్రం నాలుగింటికి టీ వచ్చినప్పుడు, ఆ రోజు తప్పు చేసినవాళ్లు వాళ్లంతట వాళ్లే లేచి వెళ్లి, తప్పూ పేరూ దాని మీద రాయాలి. ఇంకొకరి తప్పు రాయకూడదు. రాసినవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనకూడదు. అందరూ కలిసి దాన్ని సరిచెయ్యాలి, అంతే. అదే తప్పు అదే మనిషి రెండోసారి చేస్తే మాత్రం షెడ్డుకంతా మిర్చి బజ్జీలు తెప్పించాలి. యజమానినని మినహాయింపేమీ లేదు, భీమేశ్వరరావు కూడా రెండుసార్లు బజ్జీలు తెప్పించాడు.

సక్కుబాయి మొదటి తప్పు ఒక తీగ తిరగేసి పెట్టడం. రాయడం రాక నిలబడిపోతే భీమేశ్వరరావే సుద్దముక్క తీసుకుని రాసి, కింద ఆమె పేరు రాసి, "ఇదిగో, ఇది నువ్వు" అన్నాడు. ఆ నాలుగు అక్షరాలూ ఆమె ఇంటికి పోయి బొగ్గుతో గోడ మీద వంద సార్లు దిద్దింది. ఆపైన రోజూ టీ తాగుతూ బోర్డు చదవడమే ఆమె చదువు. వెనక బల్ల దగ్గర పనిచేసే తిరుపతి ఏం పోగొట్టాడు, ఇంకొకాయన ఏం కాల్చాడు, ఒకటీ వదలకుండా కూడబలుక్కుని చదివేది. ఏడాది తిరిగేసరికి తన తప్పులు తనే రాసుకోగలిగింది. ఆ గర్వం ఇంతా అంతా కాదు.

కంపెనీ పెరిగింది. పెరిగినదానికి పెట్టుబడి కావాలి కదా, పెట్టుబడితోపాటు పెత్తనమూ వచ్చింది. పెట్టుబడిదారుల తరఫున వచ్చినాయన రామ్మోహనరావు. 1995లో ఆయనకూ భీమేశ్వరరావుకూ పడలేదు. షెడ్డును ఆనుకుని కొత్తగా కట్టిన పైగదిలో తలుపులేసుకుని వారం రోజులు వాదించుకున్నారు. ఆ తర్వాత సోమవారం భీమేశ్వరరావు రాలేదు. మంగళవారమూ రాలేదు. మద్రాసులో వేరే ఉద్యోగంలో చేరాడని నెల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. సక్కుబాయికి చెప్పలేనంత కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పి పోతే ఆయన సొమ్మేం పోయింది?

రామ్మోహనరావు చెడ్డవాడేమీ కాదు. అంకెలు బాగా తెలిసినవాడు, మనుషులే తెలియరు. తప్పుల్ని ఊరందరికీ కనపడేలా గోడకెక్కించడమేమిటని బోర్డు పీకించి, దాని చోట ఒక చార్టు అంటించాడు. తప్పు దొరికితే పేరు ఎదుట ఎర్ర చుక్క. మూడు చుక్కలు పడితే ఇంటికి. నెల తిరిగేసరికి కంపెనీలో తప్పులన్నీ మాయమైపోయాయి! చార్టు తళతళలాడింది. అమ్మిన కంప్యూటర్లు మాత్రం మరుసటి ఏడు ఆటోలెక్కి తిరిగి రావడం మొదలుపెట్టాయి. ఎందుకు పాడవుతున్నాయంటే ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు నోరు విప్పరు. అమ్మకాలు పడిపోతే కొత్త మోడల్ తెచ్చారు, అదీ పడిపోతే ఇంకోటి. అలా పదకొండు మోడళ్లయ్యాయి. నలభై ముగ్గురు మనుషులు పదహారు మందికి దిగారు.

మూసెయ్యడమా, పెట్టినవాణ్ణే పిలవడమా అన్న దాకా వచ్చాక, 1998 జూన్‌లో భీమేశ్వరరావును పిలిచారు. అదే స్కూటర్ మీద వచ్చాడు. తల సగం నెరిసింది. వచ్చిన రోజే స్టూలెక్కి, చార్టు చింపి, నల్లబోర్డు తన చేత్తోనే గోడకు కొట్టాడు. పదకొండు మోడళ్ల పేర్లు కాగితం మీద రాసి పది కొట్టేశాడు.

"ఒకటే చేద్దామండీ. సరిగ్గా చేద్దాం. నాలుగింటికి టీ, పాత పద్ధతే" అన్నాడు.

అంతే. ఎందుకు వెళ్లాడో, ఎలా వెళ్లాడో, ఒక్క ముక్క మాట్లాడలేదు. సక్కుబాయికి సంతోషమైంది. కోపమూ పోలేదు. రెండూ కలిపి కడుపులో పెట్టుకుని తిరిగింది.

బోర్డు అయితే ఎక్కింది గానీ దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు. జులై పోయింది, ఆగస్టు పోయింది. ఎర్ర చుక్కల భయం మూడేళ్లలో ఎముకల్లోకి దిగిపోయింది. నాలుగింటికి అందరూ గోడ వైపు చూడకుండా టీ ఊదుకుని తాగేవాళ్లు. భీమేశ్వరరావు ఉత్త బోర్డు వంక చూసి, గ్లాసు పెట్టేసి పైకి వెళ్లిపోయేవాడు.

సెప్టెంబరులో ఒక మంచి బేరం వచ్చింది. మాదాపూర్‌లో గుట్టలు పేల్చి పెద్ద అద్దాల మేడ కడుతున్నారు. దానికి దగ్గర్లోనే కంప్యూటర్ చదువులు చెప్పే కాలేజీ ఒకటి తెరుస్తున్నారు. వాళ్లకు అరవై కంప్యూటర్లు కావాలి, దసరా వెళ్లిన పదో రోజుకు అందాలి. "ఈ అరవై నిలబడితే కంపెనీ ఉంటుంది. లేదా తాళమే" అని రామ్మోహనరావు అందరి ముందూ చెప్పాడు. ఆయన ఆ పాటికి పెట్టుబడిదారుల కన్నుగా అక్కడే ఉంటున్నాడు.

తాళం పడితే మళ్లీ చీపురు పట్టాలని సక్కుబాయి బాధపడలేదు. చీపురు ఆమెకు కొత్తా? తన పేరు తాను రాసుకోవడం నేర్చుకున్న చోటు పోతుందనే ఆమె దిగులు. లోకంలో ఇంకెక్కడా ఆమెను లెక్కలోకి తీసుకున్నవాళ్లు లేరు.

దసరా నాడు ఆయుధ పూజ. పద్ధతి ప్రకారం ఒక కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, గుమ్మంలో కొబ్బరికాయ కొడితే అయిపోతుంది. సక్కుబాయి ఆ రోజు అందరికంటే ముందు వచ్చింది. అరవై కంప్యూటర్లూ మూతలు తీసి వరసగా ఉన్నాయి. మూతలు బిగించడం ఆమె పనే. వాటిని చూస్తుంటే ఆమెకు మనసు ఊరుకోలేదు. ఒక్కదానికి బొట్టు పెట్టి మిగతావాటిని వట్టిగా పంపితే ఎట్లా? అన్నిటికీ పెట్టాలి. మూత మీద పెడితే తెల్లటి ప్లాస్టిక్ మీద మరక పడుతుంది, కొన్నవాళ్లు గోల పెడతారు. అందుకని బాగా ఆలోచించి లోపల పెట్టింది. ఒక్కో కంప్యూటర్‌లో, ఇనుప చట్రం మీద, చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ. పెట్టి, దండం పెట్టుకుని, మూత బిగించింది. అరవైకీ పెట్టేసరికి చెయ్యి ఎర్రబడింది, మనసు నిండింది.

పండగయ్యాక అరవై కంప్యూటర్లనీ రెండు రోజులు ఆపకుండా నడిపారు. మూడో రోజు పొద్దున సమాచారం దాచే ఫ్లాపీ బిళ్లలు పెట్టి చూస్తే పందొమ్మిది కంప్యూటర్లు వాటిని చదవలేదు.

పరీక్షలు చూసేది భార్గవి. కర్నూలు నుంచి వచ్చిన ఇంజనీరు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆ బిళ్లల్ని చదివే ఫ్లాపీ డ్రైవ్‌లు ఈసారి కొత్త వ్యాపారి దగ్గర తీసుకుందామన్నది ఆ పిల్లే. రామ్మోహనరావుకు అంతకంటే ఏం కావాలి?

"నాసిరకం సరుకు. మొత్తం అరవై డ్రైవ్‌లూ వెనక్కి పంపండి. తెప్పించిన మనిషినీ పంపించెయ్యండి" అన్నాడు.

వెనక్కి పంపి కొత్తవి తెప్పించడానికి మూడు వారాలు పడుతుంది. గడువు వారం. ఆ సంగతి అందరికీ తెలుసు. భీమేశ్వరరావు మాత్రం, "ముందు ఆ పందొమ్మిదీ విప్పండి, సాయంత్రం చూద్దాం" అన్నాడు.

విప్పాల్సింది సక్కుబాయే. మొదటి కంప్యూటర్ మూత తీసింది. చట్రం మీద పెట్టిన కుంకుమ అక్కడ లేదు. లోపలి ఫ్యాను గాలికి లేచి, డ్రైవ్ నోటి చుట్టూ ఎర్రగా పేరుకుని ఉంది. ఆలోచన రాకముందే ఆమె చెయ్యి కొంగుతో దాన్ని తుడిచేసింది. తుడిచాక డ్రైవ్ నోట్లోకి వంగి చూసింది. పైన తుడిస్తే పోయేది కాదది. డ్రైవ్ కడుపులోకి పోయి కూర్చుంది.

"అక్కా, నా తలరాత చూడు" అంది పక్కన నిలబడ్డ భార్గవి. "మంచి సరుకని అన్నీ చూసే కదా తెప్పించినా. ఇంటికి ఏమని రాయల్ల?"

సక్కుబాయి ఆ పిల్ల ముఖం చూడలేకపోయింది. రెండో మూత తియ్యకుండా, అన్నం తినొస్తానని ఇంటికి పోయింది.

ఆ రోజు గుట్ట పేల్చే పని లేక లింగయ్య ఇంట్లోనే ఉన్నాడు. విషయమంతా విని కాసేపు తల గోక్కున్నాడు.

"నువ్వు జేసినవని ఎవలన్న జూసిండ్రా?"

"లేదు."

"మరి ఎందుకు పరేషాన్ అయితవ్? గమ్మునుండు. ఆ డ్రైవ్‌లు వాపస్ పోతయ్, కుంకుమ గూడ పోతది."

"ఆ పిల్ల గూడ పోతది. కంపెనీ గూడ పోతది."

"జెప్తే నువ్వు పోతవ్ గదనే!"

సక్కుబాయి కంచం ముందు కూర్చుని ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేదు. లింగయ్య చెప్పింది అబద్ధమేం కాదు. చివరికి చెయ్యి కడుక్కుని లేచింది. "పోతే పోతగానీ, ఆ పిల్లను ముంచి అన్నం దినుడు నా వల్ల గాదు" అంది. లింగయ్య ఇక ఆపలేదు. "గొడుగు దీస్కపో, ఎండ మండుతుంది" అన్నాడు. ఆయనకు చేతనైన ధైర్యం చెప్పడం అదే.

నాలుగింటికి టీ వచ్చింది. పదహారు మందీ ఉన్నారు. రామ్మోహనరావు కూడా దిగి వచ్చాడు. సక్కుబాయి లేచి బోర్డు దగ్గరికి నడిచింది. సుద్దముక్క తీసుకునేసరికి షెడ్డులో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. మెల్లగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. 'దసరా నాడు అరవై కంప్యూటర్ల లోపల పసుపు కుంకుమ పెట్టిన. అది ఫ్లాపీ డ్రైవ్‌లల్లకు పోయింది. పొద్దున చూసి కొంగుతోటి తుడిచి దాచిన. భార్గవమ్మ తప్పు లేదు. సక్కుబాయి.'

"కుంకుమా?" రామ్మోహనరావు లేచి నిలబడ్డాడు. "కంప్యూటర్‌లో కుంకుమ పోస్తారా ఎవరైనా? భీమేశ్వరరావు గారూ, ఈమెను ఇప్పుడే, ఈ నిమిషమే పంపించెయ్యండి."

భీమేశ్వరరావు ఆయన వైపు తిరగలేదు. "లోపలెందుకు పెట్టావు సక్కుబాయమ్మా?" అని అడిగాడు.

"బయట పెడ్తే మరక పడ్తదని సారు." అంది ఆమె. "మీరు మళ్ల వచ్చిండ్రు గద. ఈసారన్న ఏం గావొద్దని మొక్కి పెట్టిన."

ఆయన తల దించుకున్నాడు. ఇంతలో వెనక బల్ల దగ్గర నుంచి తిరుపతి లేచాడు. హార్డ్ డిస్క్‌లు బిగించేది అతనే, షెడ్డు పెట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి. వచ్చి సక్కుబాయి చేతిలోంచి సుద్ద తీసుకుని, ఆమె రాసినదాని కింద రాశాడు. 'రెండేండ్ల కింద పొట్టి స్క్రూలు ఒడిసిపోతే పొడుగువి బిగించిన. అవి డిస్క్ కింది పలకకు ఒత్తుకుంటున్నయి. పెట్టెల ఇప్పటికీ రెండు రకాలు కలిసే వస్తున్నయి. వాపస్ వచ్చిన కంప్యూటర్లు గందుకే వస్తుండొచ్చు. అప్పటికే రెండు చుక్కలు పడ్డయని చెప్పలే. తిరుపతి.'

రామ్మోహనరావు మెల్లగా కూర్చున్నాడు. రెండేళ్లుగా బొంబాయికీ మద్రాసుకూ ఉత్తరాలు రాసి, నిపుణుల్ని పిలిపించి కనుక్కోలేని సంగతి అది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకుని బోర్డు ఇంకోసారి చదివాడు. పంపించెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పుడు భీమేశ్వరరావు లేచాడు. సుద్ద తీసుకుని చాలాసేపు గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఆయన రాసింది ఇది. 'మూడేళ్ల క్రితం మీలో ఒక్కరికీ చెప్పకుండా వెళ్లిపోయాను. మీ ముఖాలు చూసి చెప్పే ధైర్యం లేకపోయింది. తిరిగొచ్చి నాలుగు నెలలైనా ఇది రాయలేదు. మీరు రాయాలని మాత్రం ఎదురుచూశాను. భీమేశ్వరరావు.'

ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకూడదనేది నియమం. సక్కుబాయి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపుతో మూడేళ్ల కోపం కరిగిపోయింది. మిగిలింది కృతజ్ఞత ఒక్కటే. తన బతుకులో ఆమె తప్పు చేస్తే తిట్టినవాళ్లున్నారు, కొట్టినవాళ్లున్నారు. ఆమె తప్పు కింద తన తప్పు రాసినవాళ్లు ఎవరున్నారు?

ఆ సాయంత్రమే పని మొదలైంది. ఒక్కో డ్రైవ్ విప్పి, దూది స్పిరిట్‌లో ముంచి, లోపల సన్నగా తుడవాలి. ఎట్లా తుడవాలో భార్గవి చూపించింది. పందొమ్మిదే కాదు, అరవై డ్రైవ్‌లూ తుడిచారు. స్క్రూల పెట్టె బోర్లించి సక్కుబాయి పొట్టివీ పొడుగువీ ఏరింది, ఏరినవాటితో తిరుపతి అరవై డిస్కులూ మళ్లీ బిగించాడు. రామ్మోహనరావు టై వదులు చెయ్యలేదు గానీ, స్పిరిట్ సీసాల మూతలు తీసి ఇస్తూ కూర్చున్నాడు. ఆయన్ను అంత పనికొచ్చేలా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మరునాడు నాలుగింటికి బోర్డు మీద ఏడుగురు రాశారు. ఇంకో రెండు రోజులకు చోటు చాలక, పక్కనే గోడకు నల్లరంగు కొట్టాల్సి వచ్చింది.

కాలేజీకి సరుకు వేసుకుని వ్యాన్ బయల్దేరుతుంటే భీమేశ్వరరావు సక్కుబాయినీ ఎక్కమన్నాడు. ఆమె పెట్టెలో దాచుకున్న పట్టుచీర కట్టుకుని వచ్చింది. కొత్త సున్నం వాసన కొట్టే హాల్లో అరవై కంప్యూటర్లూ వరసగా పెట్టారు. భార్గవి ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. చివరి వరస దాకా పోయి, వెనక్కి తిరిగి, అరవై వేళ్లు ఉన్నట్టు రెండు చేతులూ ఎత్తి ఊపింది. ఒక్కటి కూడా మొరాయించలేదు. ప్రిన్సిపాల్ గారు వచ్చే ఏడాదికి ఇంకో నూట ఇరవై కావాలని అక్కడికక్కడే చెప్పారు.

భీమేశ్వరరావు గుమ్మం పక్కన నిలబడి తెరలన్నిటినీ చూస్తున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. సక్కుబాయి వెళ్లి పక్కన నిలబడింది. వారం రోజులుగా అడగాలనుకున్న మాట అప్పుడు అడిగింది.

"సారు, మళ్ల ఎప్పుడన్న పోవాల్నంటే జెప్పి పోతరా?"

ఆయన ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు. "నీకు చెప్పకుండా ఈ గుమ్మం కూడా దాటనమ్మా" అన్నాడు.

"అయితే జెప్పుండ్రి" అంది సక్కుబాయి. "పోవద్దని అడ్డం నిలబడ్త."